నలభై ఒకటో సీసా

మా ల్యాబులో ఆవిడని చుక్కలావిడ అంటారు. ఎదురుగా కాదు, చాటున. ఎదురుగా అయితే ఎవరి వయసుకి తగ్గట్టు వాళ్లు అమ్మా అనో అక్కా అనో పిలుస్తారు. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ ఉద్యోగమంతా నీటిచుక్కతో పోరాటం, అందుకని ఆ పేరు. పెట్టింది నేను కాదు. నేనే పెట్టుంటే ఇంతకంటే మంచిదే పెట్టేవాణ్ణి.

నేను స్టోర్సు చూస్తాను. సీసాలు, తొడుగులు, గ్యాసు సిలిండర్లు, వాటి రిజిస్టర్లు నా అధీనంలో ఉంటాయి. అందరూ నన్ను బాబాయ్ అంటారు. అడిగింది వెంటనే ఇవ్వనప్పుడు ఇంకేదో కూడా అంటారట, అది నా చెవిన పడనివ్వరు. సైన్సు నాకు రాదు. విని విని నాలుగు ముక్కలు పట్టుబడ్డాయి, అంతే.

బ్యాటరీలో రెండు పలకలుంటాయి. వాటి మధ్య ఒక ద్రవం ఉంటుంది. కరెంటు నిండేటప్పుడు ఆ ద్రవంలోంచి ఇటు నుంచి అటు వెళ్లేవి, వాడుకునేటప్పుడు అటు నుంచి ఇటు వచ్చేవి మన ఫోనుల్లో అయితే లిథియం. అది దొరికే చోట్లు తక్కువ. సోడియం అలా కాదు, ఉప్పున్న చోటల్లా ఉంటుంది. లిథియం చేసే పని సోడియంతో చేయించాలని మా ల్యాబు నడిపే మేడం పదేళ్లుగా తంటాలు పడుతోంది. పలకలు కుదిరాయి, మధ్య ద్రవమే కుదరలేదు. ద్రవం సరిపడకపోతే పలకలు పాడై, బ్యాటరీ నాలుగు రోజులకే చతికిలబడుతుంది. ఆ ద్రవాన్ని ఎలక్ట్రోలైట్ అనాలి. మేం కషాయం అంటాం. మేడం మొదట్లో మొహం చిట్లించేది, ఇప్పుడు ఆవిడే పొద్దున్నే వచ్చి "కషాయం అయిందా?" అని అడుగుతుంది.

ఆ కషాయం కలిపేది చుక్కలావిడ. ఆవిడ పనిచేసే తీరు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా అందులోంచే వచ్చింది. ఎదురుగా గాజు బిగించిన పెద్ద ఇనప పెట్టె ఉంటుంది. ఒక్క చుక్క నీరు తగిలినా కషాయం చెడుతుందని లోపల గాలి ఉండదు, తేమ ఉండదు, నా సిలిండర్లలోంచి వెళ్లే ఆర్గాన్ గ్యాసు మాత్రమే ఉంటుంది. గాజుకి రెండు గుండ్రటి కన్నాలు, వాటికి భుజాల దాకా వచ్చే నల్ల రబ్బరు తొడుగులు. ఆవిడ వాటిలో చేతులు పెట్టి లోపల పని చేస్తుంది. తొడుగులు ఎంత మందమంటే పట్టుకున్నది వేడో చల్లనో తెలియదు. చెంచా జారిపోయినా కళ్లతో చూసి తెలుసుకోవలసిందే.

సీసాలో ద్రవం పోసి, అడుగున చిన్న అయస్కాంతపు ముక్క వేసి, తిప్పే పలక మీద పెడుతుంది. ముక్క గిరగిరా తిరుగుతూ ఉంటే సోడియం ఉప్పుని చిటికెడు చిటికెడు వేస్తుంది. ఒక్కసారి కుమ్మరిస్తే వేడెక్కి పచ్చబడుతుంది, మధ్యలో ఆపితే పాళ్లు చెడతాయి. గంట పట్టే పని. ఆ గంటలో ఆవిడ చేతులు బయటికి తీయదు, ముక్కు దురద పెట్టినా సరే. తూకాలు కాగితం మీద కాదు, పెట్టె గాజు మీద మార్కరుతో రాసుకుంటుంది. సీసా బయటికొచ్చాక ఆ అంకెల్ని నోటుబుక్కులో ఎక్కించి, అప్పుడు తేదీ వేసి, అదే తేదీ సీసాకి అంటిస్తుంది. కలిపిన రోజే సీసా బయటికొస్తుంది కాబట్టి పంతొమ్మిదేళ్లలో ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు.

కింది అంతస్తులో టెస్టింగు గది. అక్కడ చొక్కా గుండీ అంతంత బ్యాటరీలు వందల్లో నిండుతూ ఖాళీ అవుతూ ఉంటాయి. ఒకసారి నిండి ఖాళీ అయితే ఒక రౌండు. నాలుగు గంటలకొక రౌండు, ఆదివారమైనా ఆగదు. ఆ గది చూసేది వదిన. చుక్కలావిడ భర్తకి స్వయానా అక్క, అందుకని ఆవిడకి వదిన. ఆవిడ పిలవగా పిలవగా ల్యాబంతటికీ వదినే అయిపోయింది, మేడంకి కూడా. చుక్కలావిడ, నేను పర్మనెంటు. వదిన ఉద్యోగం మాత్రం ప్రాజెక్టు ఉన్నంతవరకే.

చుక్కలావిడ భర్త పుస్తకాలు బైండింగు చేసేవాడు. తమ్ముణ్ణి చిన్నప్పుడు చంకనేసుకు తిరిగింది తనేనని వదిన చెబితే, ఆ చంక ఇప్పటికీ నొప్పెడుతోందా అని వెక్కిరించే రకం. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే అయింది. ఐదో రోజున, రేపు ఇంటికి పంపేస్తామన్నారు. ఆ రోజు వదిన సెలవు పెట్టి ఆసుపత్రిలో ఉంది. చుక్కలావిడ మధ్యాహ్నం సీసా ఒకటి కలిపేసి మూడున్నరకి వెళ్తానని మాతో అంది.

కషాయం గదిలోకి ఫోన్లు తేకూడదు. తలుపు మీద ఆ బోర్డు రాయించింది నేనే. ఆ రోజు ఆవిడ ఫోను తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. రెండూ నలభైకి నేను సిలిండర్ మార్చడానికి వెళ్లాను. ఫోను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. సిలిండర్ బిగిస్తూ ఉండగా మోగింది. తలతిప్పి చూసింది ఆవిడ.

"అమ్మా, ఫోను" అన్నాను.

"ఆయనే బాబాయ్. గోళ్లు కోసుకునేది తెమ్మని అయ్యుంటుంది. సగం ఉప్పు పడింది, ఇప్పుడు చేతులు తీస్తే మొత్తం పోతుంది. అయ్యాక చేస్తాలే."

కాసేపటికి మళ్లీ మోగింది. నేను సబ్బు నీళ్లు పూసి గ్యాసు లీకవుతోందా అని చూస్తూ ఉండగా మూడోసారి కూడా మోగి ఆగిపోయింది. బల్లకి నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఫోను తీసి ఆవిడ చెవి దగ్గర పట్టుకుంటే సరిపోయేది. పట్టుకోలేదు. తేకూడని ఫోను తెచ్చినా ఏమీ అనకుండా ఊరుకున్నానని, ఎంత మంచివాణ్ణోనని, ఆ క్షణంలో నా గురించి నేను అనుకున్నాను. రిజిస్టరులో సిలిండర్ మార్చిన టైము వేసి సంతకం పెట్టి వెళ్లిపోయాను.

రెండూ యాభైకి ఆయన పోయాడు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందట. చూస్తూ ఉండగానే అయిపోయిందట.

మూడూ పదికి ఆవిడ చేతులు బయటికి తీసి, రిజిస్టరులో టైము రాసి, ఆయన నంబరుకి చేసింది. ఎత్తింది వదిన. "దారిలోనే ఉన్నావు కదూ? వాడితో అదే చెప్పా" అంది. చుక్కలావిడ ఆఁ అంది. ఆ ఒక్క అక్షరమే ఆవిడ ఆడిన అబద్ధం.

ఆ తర్వాత వదిన ఆ సంగతి ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఆయాసపడుతూ పెళ్లాం కోసం అడిగాడని, ఫోను ఎత్తలేదని ఆయన అంటే బస్సు రొదలో వినపడి ఉండదు, రెండింటికే బయల్దేరి ఉంటుంది, దారిలోనే ఉంది, వచ్చేస్తోందని తను చెప్పిందని, ఆ మాట విని తలుపు వైపు చూస్తూ పోయాడని చెప్పేది. "ఎదురుచూస్తూ పోయాడు, దిక్కులేకుండా కాదు" అనేది చివర్లో. అది చెప్పాక ఆవిడ మొహం కాస్త తెరిపినపడేది. పక్కనే చుక్కలావిడ ఉంటే తల వంచుకునేది. నేనుంటే ఏదో పనున్నట్టు లేచి వెళ్లేవాణ్ణి.

పద్దెనిమిదో రోజున చుక్కలావిడ పనిలోకొచ్చింది. ఆవిడ ఏడవడం ఎవరూ చూడలేదు. వచ్చింది, పని చేసింది, వెళ్లింది. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేది, చెప్పాక ఏం చెప్పిందో ఆవిడకే గుర్తుండేది కాదు. బస్టాపులో నిలబడి తన బస్సులు రెండు వదిలేసి మూడోది ఎక్కేది. ఒకరోజు తొడుగుల పెట్టె కోసం స్టోర్సుకొచ్చి, సంతకం పెట్టి, పెట్టె తీసుకోకుండా వెళ్లిపోయింది. వెనకాలే పట్టుకెళ్లి ఇస్తే, "తొడుగులు తీసేసినా ఉన్నట్టే ఉంటోంది బాబాయ్, వేడి నీళ్లు పోసుకున్నా తెలీడం లేదు" అంది. దుఃఖంలా కాదు, ట్యాపు పాడైందని చెప్పినట్టు చెప్పింది. నాకూ ఏమీ అనిపించలేదు. అప్పుడు భయం వేసింది.

పనిలోకొచ్చిన ఆ మొదటి రోజు బయటికొచ్చిందే నలభై ఒకటో సీసా. దానితో ఆరు బ్యాటరీలు చేశారు, మిగిలింది పద్ధతి ప్రకారం పారబోశారు. అంతకుముందు సీసాలన్నీ రెండొందల రౌండ్లకి మొరాయించేవి. ఈ ఆరూ రెండొందలు దాటాయి, ఐదొందలు దాటాయి. వదిన రోజూ పైకొచ్చి అంకె చెప్పి వెళ్లేది. వెయ్యి దాటిన రోజు మేడం మిషను దగ్గర కుర్చీ వేసుకుని అరగంట ఊరికే కూచుంది.

అక్కణ్ణుంచే మొదలైంది అసలు బాధ. ఆ సీసా మళ్లీ రావడం లేదు. నోటుబుక్కులో ఉన్న తూకాలే, అదే ఉప్పు, అదే డబ్బా. కొత్త సీసాలన్నీ మళ్లీ రెండొందలకే పడిపోతున్నాయి. మేడం ఉప్పు మార్చింది, సీసాలు మార్చింది, నా స్టోర్సులో అట్టపెట్టెల లేబుళ్లతో సహా తిరగేసి నా ప్రాణం తోడేసింది. ఆ రోజు ఏం చేశారు, గుర్తు తెచ్చుకోండని చుక్కలావిడని ఎన్నిసార్లు అడిగిందో. ఎప్పుడూ చేసేదే చేశాను మేడం అనేది ఈవిడ. అబద్ధం కాదు. ఆ రోజు ఆవిడ బుర్రలో ఏమీ లేదు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పైవాళ్లు కబురు పెట్టారు: మూడు నెలల్లో ఆ సీసా మళ్లీ చేసి చూపిస్తే సరే, లేకపోతే ప్రాజెక్టు మూసేసి ఆ పెట్టె ఇంకొకరికిస్తాం. ప్రాజెక్టు మూస్తే వదిన ఇంటికే. యాభై మూడేళ్లావిడ, ఆ తమ్ముడు తప్ప వెనకా ముందూ ఎవరూ లేని మనిషి.

ఆ వారంలోనే ఆర్గాన్ రిజిస్టరు నిండిపోయింది. కొత్తది తెరిచేముందు పాతది సరిచూడాలి. పెట్టెలో చేతులు పెట్టిన ప్రతివాళ్లూ మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాస్తారు. గ్యాసు వృథా చేసేవాళ్లని పట్టుకోవడానికి నేను పెట్టిన పద్ధతి, దానికి నన్ను తిట్టుకోని వాళ్లు లేరు. పేజీలు తిప్పుతూ నలభై ఒకటో సీసా తేదీ దగ్గర ఆగాను. చుక్కలావిడ ఆ రోజు పెట్టెలో చేతులు పెట్టింది పద్దెనిమిది నిమిషాలు. గంట పట్టే పని పద్దెనిమిది నిమిషాల్లో ఎలా అవుతుంది?

కాదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆవిడ సెలవులో ఉన్న పదిహేడు రోజులూ ప్రెషరు చూడడానికి ఆ గదిలోకి వెళ్లేవాణ్ణి. గాజు వెనక ఒక సీసా, సీసాలో తెల్లటి ముక్క గిరగిరా తిరుగుతూ ఉండేది. గాజు మీద ఆవిడ రాసిన తూకాలు ఉండేవి. స్విచ్చి కట్టేయడం మర్చిపోయింది పాపం అనుకున్నాను. పెట్టెలో చేతులు పెట్టే పని నాది కాదు కాబట్టి వదిలేశాను. నలభై ఒకటో సీసా ఆ రోజు కలిపింది కాదు. ఆయన పోయిన రోజు కలిపింది. పదిహేడు రోజులు ఆగకుండా తిరిగి ఊరింది. ఆవిడ వచ్చి, గాజు మీది అంకెలు పుస్తకంలో ఎక్కించి, ఆ రోజు తేదీ వేసింది.

పేజీలు వెనక్కి తిప్పాను. ఆయన పోయిన రోజు, ఆవిడ దస్తూరి, ఒక్క గీత వణకలేదు. లోపలికి రెండూ ఐదు, బయటికి మూడూ పది. వాటి మధ్య నా సంతకం, రెండూ నలభై.

మేడం దగ్గరికి వెళ్లలేదు. చుక్కలావిడని స్టోర్సుకి పిలిచి రిజిస్టరు ముందు పెట్టాను. చదివింది. కుర్చీ లాక్కుని కూచుంది. బయల్దేరానని వదినతో ఆఁ అన్న సంగతి అప్పుడే నాకు చెప్పింది.

ఇదంతా చెప్పక్కర్లేదు, పదిహేడు రోజులు తిప్పి చూద్దామని ఊరికే అనొచ్చుగా అన్నాను.

"ఎందుకు పదిహేడని అడుగుతారు. సీసా పుట్టుపూర్వోత్తరాలు రిపోర్టులో రాసేది వదినే. వెనక్కి లెక్కపెడితే ఏ తేదీ వస్తుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు" అంది.

"చెప్పకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది."

"చెబితే ఆయన దగ్గర ఆవిడ అన్న చివరి మాట పోతుంది బాబాయ్. ఆవిడకి మిగిలింది అదొక్కటే."

నాలుగు రోజులు గడిచాయి. మామూలుగా వచ్చి మామూలుగా వెళ్లింది. ఐదో రోజు మధ్యాహ్నం స్టోర్సు గుమ్మంలో నిలబడి, రిజిస్టరు పట్టుకుని రండి అంది. కింది గదికి వెళ్లాం.

వదిన మిషను ముందు కూచుని అంకెలు రాసుకుంటోంది. చుక్కలావిడ నిలబడే చెప్పింది, నాంచలేదు. నలభై ఒకటో సీసా ఫలానా రోజు కలిపింది, మూడూ పది దాకా నా చేతులు పెట్టెలోనే ఉన్నాయి, నేను దారిలో లేను వదినా అంది. నేను పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను.

వదిన కళ్లజోడు సర్దుకుని చదివింది. చాలాసేపు చదివింది.

"ఫోను వినపడిందా?"

"వినపడింది."

"ఎన్నిసార్లు?"

"మూడు."

వదిన తల ఊపింది. "వాడు రెండుసార్లే చేశాడు. మూడోది నేను చేశా. అప్పటికి వాడు లేడు" అంది.

చుక్కలావిడ అలాగే నిలబడి ఉంది. ఎనిమిది నెలల్లో ఆవిడ కన్ను తడవడం నేను చూడలేదు, అప్పుడూ తడవలేదు. చేతులు మాత్రం ఒకదాన్నొకటి రుద్దుకుంటోంది, చలికి రుద్దుకున్నట్టు.

"గదిలో ఇంకెవరూ లేరా? కాస్త ఎత్తి చెవిన పెట్టడానికి?" అంది వదిన.

"ఎవరూ లేరు" అంది చుక్కలావిడ.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవవలసింది నేను. తెరవలేదు. వదిన వేలు పేజీ మీద మెల్లగా జరిగి రెండూ నలభై దగ్గర ఆగింది. నా సంతకం పెద్దది. స్కూలు రోజుల నుంచి అందరూ మెచ్చుకున్న సంతకం. వదిన తలెత్తి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆ చూపులో ఏమీ లేదు. రిజిస్టరు మూసి, "మేడంకి చూపించండి" అని నా చేతికిచ్చింది.

మేడం ఆ పేజీని గంటసేపు చూసింది. ఆ తర్వాత ఏదో చెప్పింది, నాకర్థమైంది ఇంత. ఎంత ఆరబెట్టినా ద్రవంలో లేశమంత నీరు మిగులుతుందట. ఇన్ని రోజులు నానితే అది ఉప్పుతో కలిసి ఇంకేదో అవుతుందట. అది పలక మీద పొరలా పేరుకుని పలకని కాపాడుతుందట. పంతొమ్మిదేళ్లుగా చుక్కలావిడ తరిమికొట్టాలని చూసిన చుక్కే ఆ పని చేసింది. ఆవిడకి చెబితే అలాగా అంది.

పదిహేడు రోజులు తిప్పిన కొత్త సీసాతో చేసిన బ్యాటరీలు ఇప్పుడు నాలుగొందల రౌండ్లు దాటాయి. ప్రాజెక్టు నిలిచింది. వదిన ఉద్యోగం నిలిచింది. దారిలోనే ఉందన్న మాట వదిన ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే, "అవును, పోయాడు" అని ఊరుకుంటుంది. వదినా మరదళ్లు ఒకే బస్సులో వస్తారు, ఒకే బస్సులో వెళ్తారు. ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు.

ఆ కొత్త సీసా కలిపిన రోజు మాత్రం చెప్పాలి. చుక్కలావిడ పెట్టె ముందు కూచుని తొడుగుల్లో చేతులు పెట్టింది. నేను టైము రాయడానికి వెళ్లాను. అంతలో వదిన పైకొచ్చింది. ఆవిడ ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. తలుపు మీద నా బోర్డు చదివింది, చదివి లోపలికొచ్చింది. బల్ల పక్కన ఉన్న మరదలి సంచిలోంచి ఫోను తీసింది. తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఈసారి మోగితే మీరు ఎత్తండి బాబాయ్ గారూ" అంది.

అని కిందికి వెళ్లిపోయింది. చుక్కలావిడ తల తిప్పలేదు, చిటికెడు చిటికెడు ఉప్పు వేస్తూనే ఉంది. నేను గంటసేపు ఆ ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మోగలేదు.